కారుకు కట్టిన పడవ

సోమయ్య పోయాడని తెలిసినప్పుడు నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు. ఎన్నాళ్లనుంచో భుజం మీద ఉన్న చెయ్యి ఎవరో తీసేసినట్టు అనిపించింది. ఒక్క క్షణమే. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం పుట్టింది, కానీ ఆ క్షణం మాత్రం ఉన్నదే, లేదని అనుకోలేను. ఇప్పుడు మేడ్చల్ స్టేషన్ దారిలో, ఆయన రిపేరు షెడ్డు ముందు, టార్పాలిన్ కింద ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, ఎదురుగా చాప మీద పడుకోబెట్టిన ఆయన్ని చూస్తున్నాను. నలభై ఏళ్లు ఇనుముతో పనిచేసిన చేతులు. స్నానం చేయించినా గోళ్ల కింద నలుపు పోలేదు. కూతురు కామారెడ్డి నుంచి రావాలి, రైలు గంట ఆలస్యమట, ఆమె వచ్చేదాకా ఎత్తరు. వాడకట్టు పెద్ద ఎంకయ్య తాత వచ్చి ఆ సంగతి చెప్పి, ఎండ తగులుతోంది లోపలికి జరుగు నారాయణా అని వెళ్లిపోయాడు. నేను జరగలేదు. ఇక్కణ్ణుంచయితే అవతల ఆడవాళ్లు కూచున్న చోటు కనిపిస్తుంది. వాళ్ల మధ్యలో సోమయ్య భార్య దుర్గాబాయి, ఆమె భుజం పట్టుకుని మా చెల్లెలు ఐలమ్మ. ఈ గంటలో నేను ఐలమ్మకు ఒక మాట చెప్పాలి. తొమ్మిదేళ్లుగా చెప్పని మాట.

ఆమె భర్త లింగస్వామి, నాకు బావ, ఎట్లా పోయాడో మేడ్చల్లో అందరికీ తెలుసు. నా కారుకు కట్టి తీసుకుపోతున్న ఇనుప పడవ శామీర్‌పేట చెరువు దగ్గరి రోడ్డు దిగుడులో బోర్లాపడింది, దాని కింద పడి పోయాడు. తొంభై ఏడు, అక్టోబరు, ఆదివారం. కాలం కలిసిరాలేదన్నారు, రాసిపెట్టి ఉన్నదన్నారు, పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు, కేసు కొన్నాళ్లు నడిచి పోయింది. అయితే అలా జరుగుతుందని ముందురోజే నాకు ఒకరు చెప్పారన్న సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. చెప్పినవాడు, విన్నవాడు. చెప్పినవాడి ముక్కులో ఇప్పుడు దూది పెట్టి ఉంది.

ఆ పడవ నీలం రంగు పడవ. దూలపల్లిలో ఒక ఇనుప పనుల షెడ్డు వెనక మూడు వానాకాలాలు తడిసింది. ఎవరో కాంట్రాక్టరు ఏదో డ్యాము కోసమని చేయించి మళ్లీ రాలేదట. షెడ్డు యజమానికి జాగా కావాల్సి వచ్చింది, ఎవరన్నా తీసుకుపోతే సరే లేకపోతే ముక్కలుగా కోయించేస్తా అన్నాడు, ఆ మాట అటు చేపలమ్మడానికి పోయిన లింగస్వామి చెవిలో పడింది. ఆ సాయంత్రం మా ఇంటికి పరుగున వచ్చి, నీళ్లు తాగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు, ఎంత పొడుగో చేతులు చాపి చూపించాడు, చేతులు చాలక గోడ దాకా నడిచి చూపించాడు. అప్పటిదాకా అతనికి పడవ అంటే లారీ ట్యూబు. గాలి నింపిన ట్యూబు మీద చెక్క పరుచుకుని, నడుం దాకా నీళ్లలో కాళ్లు వేలాడేసి, చేతులతో తెడ్డు వేసుకుంటూ వల వేసేవాడు. మా నాయినా అలాగే వేసేవాడు. పొద్దున బయటికి వచ్చేసరికి అరికాళ్లు తెల్లగా ముడతలు పడి వేరే ఎవరివో కాళ్లలా ఉండేవి. ఐలమ్మ ఆ కాళ్లను ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనె రాస్తుంటే నేను చాలాసార్లు చూశాను, చూసి ఏదో పని ఉన్నట్టు బయటికి వచ్చేసేవాణ్ణి. నేను నీళ్లు వదిలి బండ్లు పట్టినవాణ్ణి. జీడిమెట్ల కంపెనీల్లో డ్రైవరు పని చేసి చేసి, ఆఖరికి సొంతంగా ఒక పాత మారుతి కారు కొనుక్కున్నాను. తెల్లది. మా వాడకట్టులో మొదటి కారు. పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ తిప్పేవాణ్ణి. రోజూ పొద్దున దాన్ని తుడుస్తుంటే పక్కింటివాళ్లు వచ్చి నిలబడేవారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ తుడవడం కూడా వాళ్లు చూడ్డం కోసమే చేశానేమో అనిపిస్తుంది.

పడవను తేవడానికి ట్రాక్టరు కావాలి. ట్రాక్టరు గౌడవెల్లి ప్రతాప్ సారు దగ్గర ఉంది. అప్పటికే వాళ్లు పొలాలను ప్లాట్లు చేస్తున్నారు. మేం పోయినప్పుడు ఆయన వరండాలో ఎవరికో కాగితాల మీద గీతలు చూపిస్తున్నాడు. మేం గేటు దగ్గర నిలబడ్డాం. ఆయన మమ్మల్ని ఏమీ అనలేదు. ఆ మాట ఒప్పుకోవాలి, ఏమీ అనలేదు. కాగితాల మీంచి తల ఎత్తకుండానే, రేపు ఎల్లుండి దున్నకం ఉంది, సోమవారం పంపిస్త పోండ్రి అన్నాడు. అంతే. లింగస్వామికి అది చాలు, దండం పెట్టి సంతోషంగా వెనక్కి తిరిగాడు. నాకు మాత్రం అక్కడ నిలబడ్డ ఆ గంట గొంతులో చేప ముల్లులా ఉండిపోయింది. అదే గేటు దగ్గర మా నాయిన నిలబడేవాడు, చేపల బుట్ట కింద పెట్టి, లోపల్నుంచి ఎవరైనా వచ్చేదాకా. నేను కారున్నవాణ్ణి, నేనూ అక్కడే నిలబడాలా. తిరిగొచ్చే దారిలో లింగస్వామితో అన్నాను, ట్రాక్టరు ఎందుకు, ఆదివారం మన కారుకే కట్టుకుని తెచ్చుకుందాం. అతను ఆగి నా వైపు చూశాడు. గుంజుతదా బావా అన్నాడు. గుంజుతది అన్నాను. అతను మళ్లీ అడగలేదు. బండ్ల సంగతి నాకు తెలుసు, నీళ్ల సంగతి అతనికి తెలుసు, ఎవరి సంగతి వాళ్లు చూసుకోవడమే మా ఇద్దరి మధ్య పద్ధతి. చెరువులో లోతు ఎక్కడుందో అతను చెప్తే నేను ఎన్నడూ మళ్లీ అడిగింది లేదు.

దుర్గాబాయి ఏడుపు ఆగిపోయింది, ఇప్పుడు ఊరికే చాప అంచు సవరిస్తోంది. ఐలమ్మ గ్లాసుతో నీళ్లు ఇస్తే తల అడ్డంగా ఊపింది. ఈ షెడ్డు గోడ అప్పుడు కూడా ఇంతే మసిగా ఉండేది. శనివారం పొద్దున కారు ఇక్కడే నిలబెట్టి, దీని వెనక కింద ఒక గట్టి కొక్కెం వెల్డింగు చేసిపెట్టు సోమన్నా అన్నాను. ఎందుకన్నాడు. చెప్పాను. పడవను ఎద్దుల టైరు బండి మీదికి ఎక్కించి తాళ్లతో బిగిస్తాం, ఆ బండి ముందు కర్రను, నొగను, కారుకు తగిలిస్తాం అన్నాను. ఆయన లేచి, చేతులు గుడ్డతో తుడుచుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. పడవను దూలపల్లిలో ఆయన కూడా చూశాడు. ఆ తర్వాత అన్న మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి, తొమ్మిదేళ్లలో అవి విననిరోజు లేదు.

“గుంజుతదా అంటె గుంజుతది నారాయణా. సాపు రోడ్డు మీద లేగదూడ లెక్క ఎంబడి వస్తది. గుంజుడు గాదు, ఆగుడు సంగతి అడుగు.”

మొన్ననే బ్రేకులు కొత్తవి వేయించానన్నాను.

“నీ బ్రేకులు నీ కారుకు. ఆ బండికి ఏడియి బ్రేకులు? నీ కారు కన్న అది బరువు. దిగుడుల నువ్వు ఆపితె అది ఆగదు, ఎనకకెళ్లి నిన్ను నూకుతది. నూకితె నీ బండి అడ్డం తిరుగుతది. ఇగ స్టీరింగు నీ చేతిల ఉన్నా లేనట్టే. రెండు దినాలల్ల ఏం బోతది, ట్రాక్టరు రానియ్.”

ఆయన నెమ్మదిగా, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. నాకు అర్థం కాలేదని ఇప్పటికీ అనలేను. అర్థమైంది. డ్రైవరును కదా, నిండు బండి దిగుడులో ఎలా తోస్తుందో నా కాళ్లకే తెలుసు. కానీ ఆ పొద్దున నా ముందు రెండే కనిపించాయి, ఒకటి గౌడవెల్లి గేటు, రెండోది ఆ గేటు ముందు నుంచి పడవను లాక్కుంటూ పోతున్న నా కారు. నేను ఏమన్నానో కూడా గుర్తుంది. వెల్డింగు ఆగదని భయమైతే ఆ మాటే చెప్పు సోమన్నా, వేరే తాన చేయించుకుంట అన్నాను. ఆయన ముఖం ఒక్కసారి గట్టిపడింది. నల్ల అద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని కారు కిందికి దూరాడు. ఆ నిప్పురవ్వలు పడుతుంటే నేను గెలిచాననుకుని టీ తెప్పించాను. ఆ కొక్కెం విరగలేదు. అంత జరిగినా, కారు గిర్రున తిరిగి వచ్చిన దారి వైపు ముఖం పెట్టి ఆగినా, కొక్కెం మాత్రం చెక్కుచెదరలేదు. అది విరిగి ఉంటే ఏమయ్యేదని సోమయ్యా నేనూ ఎన్నిసార్లు మాట్లాడుకోకుండా కూచున్నామో.

ఆదివారం పొద్దున నిజంగానే గుంజింది. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. దూలపల్లి షెడ్డులో పదిమంది పట్టి పడవను బండి మీదికి ఎక్కించారు, లింగస్వామి తాళ్లు తనే బిగించాడు, తను బిగించిన ముడి నీళ్లలో నానినా ఊడదని నవ్వాడు, ఎనక నుంచి తాళ్లు చూస్త అంటూ పడవలోకి ఎక్కి కూచున్నాడు. నేను మొదటి గేరు వేసి క్లచ్చు వదిలాను, ఇంజను గొంతు చించుకుంది, చక్రాలు ఒకసారి ఊరికే తిరిగి పట్టు దొరకపుచ్చుకున్నాయి, కదిలింది. ఆ కదిలినప్పటి సంతోషం నా ఒంట్లో ఇంకా ఎక్కడో ఉంది, దాన్ని ఏం చేయాలో నాకు తెలియదు. రెండో గేరు దాటలేదు. మూడు చోట్ల ఆపి ఇంజను చల్లార్చి నీళ్లు పోశాం. లింగస్వామికి బస్సు కండక్టరు అయిపోవాలనిపించిందేమో, బయల్దేరడానికి పడవ పక్క మీద రెండుసార్లు కొట్టేవాడు, ఠంగు ఠంగు, పోనియ్ అని. అద్దంలో చూస్తే పడవ మధ్యలో నిటారుగా కూచుని అటూ ఇటూ పొలాలు చూస్తున్నాడు, రోడ్డు మీద అంత ఎత్తున అతను ఎన్నడూ కూచోలేదు. గుండ్లపోచంపల్లి దాటి గౌడవెల్లి వచ్చింది. నేను కావాలనే ఆ దారిన తెచ్చాను, కావాలనే ప్రతాప్ సారు గేటు ముందు వేగం తగ్గించి హారను కొట్టాను. గేటుకు తాళం వేసి ఉంది. ఊళ్లో లేరు. ఇంతా చేసి చూడాల్సినవాడు అక్కడ లేనేలేడు.

ఆ తర్వాత మేడ్చల్. ఈ రోడ్డే. జనం మూగారు. రోడ్డు మీద పడవ పోతుంటే ఎవరు చూడరు, సైకిళ్లు ఆపి, టీ గ్లాసులు పట్టుకుని వచ్చి చూశారు. ఐలమ్మ కొబ్బరికాయ, పసుపు కుంకుమ పట్టుకుని వచ్చింది, చంకలో రెండేళ్ల అంకిత. పడవ ముక్కుకు బొట్టు పెట్టింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది, పెళ్లినాటిది. కాయ కొట్టాక, లింగస్వామి పై నుంచి చేతులు చాపాడు, పిల్లను ఇయ్యి, నువ్వు గూడ ఎక్కు, చెరువు దాకా పోదాం అన్నాడు. ఆమె నవ్వుతూ పిల్లను పైకి ఎత్తింది.

ఇక్కడికి వచ్చేసరికి నా ఆలోచన ఎప్పుడూ పక్కకు తప్పుకుంటుంది. తొమ్మిదేళ్లుగా తప్పుకుంటూనే ఉంది, వేరే ఏదో గుర్తు తెచ్చుకుంటుంది, ఆ రోజు ఎండ, కొబ్బరినీళ్ల మీద వాలిన ఈగలు, ఇంజను వాసన. ఇవాళ తప్పుకోనివ్వను. ఐలమ్మ పిల్లను ఎత్తింది, లింగస్వామి చేతులు పిల్ల చంకల కిందికి వెళ్లాయి, నేను కారులోంచి దిగి పరుగున వెళ్లి పిల్లను మధ్యలోనే తీసేసుకున్నాను. వద్దు అన్నాను. ఎండ కొడుతుంది పిల్లకు, మీరు బస్సులో రాండి అన్నాను. ఐలమ్మ ముఖం చిన్నబోయింది. అప్పుడు తల ఎత్తితే షెడ్డు గుమ్మంలో సోమయ్య. ఆయన కొక్కేన్ని చూడ్డం లేదు, పడవను చూడ్డం లేదు, నన్ను చూస్తున్నాడు. నా చేతుల్లో పిల్లను చూస్తున్నాడు. ఆయనకు తెలిసింది. ఆయన మాట నేను నమ్మానని ఆయనకు తెలిసింది. నా చెల్లెలినీ మేనకోడలినీ ఎక్కనివ్వలేదు, బావను మాత్రం కూచోనిచ్చాను. దిగు బావా అంటే ఎందుకంటాడు. ఎందుకో చెప్తే పడవ అక్కడే ఆగిపోవాలి, అంతమంది ముందు, సోమవారం ట్రాక్టరు వచ్చేదాకా నడిరోడ్డు పక్కన. నలభైమంది చూపుల కోసం, ఇంకా నిజం చెప్పాలంటే అంతకన్నా తక్కువ దాని కోసం, తాళం వేసిన ఒక గేటు కోసం, నేను పిల్లను ఐలమ్మకు ఇచ్చి వెళ్లి స్టీరింగు ముందు కూచున్నాను. వెనక ఠంగు ఠంగు.

శామీర్‌పేట ఊరు దాటాక రోడ్డు చెరువు వైపు వాలుతుంది. నడిచేవాళ్లకు అది వాలు అని కూడా తెలియదు. నీళ్లు కనిపించాయి, ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, నిండుగా ఉంది. నేను చాలా ముందే బ్రేకు మీద కాలు పెట్టాను, జాగ్రత్తగా, కొంచెంగా. కారు తగ్గింది. వెనక నుంచి మెత్తగా ఒక తోపు వచ్చింది. మళ్లీ నొక్కాను, మళ్లీ తోసింది, ఈసారి మెత్తగా కాదు. నేను వేగం తగ్గించడం భయపడి అనుకున్నాడేమో, లేదా నీళ్లు కనిపించిన సంతోషమో, లింగస్వామి పడవను రెండుసార్లు కొట్టాడు, పోనియ్ బావా అని. అప్పటికే కారు వెనక భాగం నేలను వదులుకుంటున్నట్టు తేలిపోతోంది. స్టీరింగు తిప్పితే తిరిగింది, కారు మాత్రం దాని మాట వినలేదు. నా పక్క కిటికీలోంచి నా వెనక ఉండాల్సిన పడవ నాతో సమానంగా వస్తూ కనిపించింది, నీలంగా, చాలా పెద్దగా. ఆ తర్వాత చప్పుడు. ఆ తర్వాత చప్పుడు లేదు. నాకు గీత కూడా పడలేదు. దిగి చూస్తే టైరు బండి చక్రం ఒకటి గాలిలో తిరుగుతోంది, పడవ రోడ్డు పక్క గుంతలో బోర్లా ఉంది, గిన్నె బోర్లించినట్టు. చెరువులో వలలు వేస్తున్నవాళ్లు తడి బట్టలతోనే పరుగున వచ్చారు. పద్నాలుగు మంది పడితే లేచింది. ఐలమ్మ ఎక్కిన బస్సు అప్పుడే వచ్చి రోడ్డు మూసుకుపోయి ఆగింది.

ఆ సాయంత్రమే ప్రతాప్ సారు ట్రాక్టరు పంపించాడు. ఎవరో చెప్తే పోయిన ఊరి నుంచి తిరిగి వచ్చి, తనే పంపించాడు, తనూ వచ్చి మా గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డాడు. ట్రాక్టరు ఆ పడవను పది నిమిషాల్లో చెరువులో దించిందట. చేపలవాళ్ల సంఘం వాళ్లు కొన్నేళ్లు వాడారు. నేను కారు అమ్మేశాను, మళ్లీ ఏ బండీ నడపలేదు. లారీల కాంటాలో పని దొరికింది, లారీ వచ్చి ఇనుప పలక మీద నిలబడితే బరువు చూసి రాసిస్తాను, ఖాళీ బండి ఇంత, నిండు బండి ఇంత, రోజంతా అదే. రెండేళ్ల క్రితం పాత ఇనుము లారీ ఒకటి వచ్చి నిలబడితే అందులో నీలం రేకు ముక్కలు కనిపించాయి. డ్రైవరును అడిగితే శామీర్‌పేట నుంచి అన్నాడు, చిల్లులు పడ్డ పడవ, ఇదొక్కటే లోడు అన్నాడు. ఏడువందల ఎనభై కిలోలు. తుప్పు తిన్నాక కూడా. ఆ చీటీ మీద అంకె నేనే వేశాను. మారుతి కారు ఆరువందల యాభై, అది నాకు ముందే తెలుసు. ఆ సాయంత్రం ఇక్కడికి వచ్చి సోమయ్యకు చెప్పాను. బరువు ఎంతో తెల్సి ఏం జేస్తవు ఇప్పుడు, అన్నాడు. ఇంకాసేపటికి, ఐలమ్మకు జెప్పినవా అన్నాడు. లేదన్నాను. నేను జెప్ప, నా చెయ్యి గూడ ఉంది అండ్ల, కాని నువ్వు జెప్పాలె అన్నాడు.

ఎలా చెప్పేది. నేను పెళ్లి చేసుకోలేదు. ఐలమ్మ ఇంటి బియ్యం, అంకిత బడి, పిల్ల జ్వరాలు, అన్నీ నేనే చూసుకున్నాను. రోజూ పొద్దున సైకిలు మీద అంకితను బడికి దింపుతాను, వెనక కూచుని ఎక్కాలు అప్పజెప్తుంది, పన్నెండో ఎక్కం దగ్గర ఆగిపోతుంది. అన్న అంటే ఇట్లుండాలె అని వాడకట్టులో నన్ను చూపిస్తారు. ఏటా ఐలమ్మ రాఖీ కట్టి కాళ్లకు దండం పెడుతుంది. ఒక్కో ఏడూ గడిచినకొద్దీ ఆ మాట చెప్పడానికి జాగా తగ్గిపోతూ వచ్చింది. పోయిన వారం సోమయ్యను చూడ్డానికి వస్తే మంచంలో పక్కకు తిరిగి ఆయాసపడుతూ అన్నాడు, నేను పోయినంక నీకు యాది జేసేటోడు ఉండడు నారాయణా, జూసుకో అని. పొద్దున నాకు తేలికగా అనిపించింది అందుకే. ఆ తేలికే నన్ను భయపెట్టింది. ఇక నేను ఎన్నాళ్లయినా బతకొచ్చు ఇలాగే. ఎవరూ అడగరు.

లేచాను. ఆడవాళ్ల దగ్గరికి పోయి, ఐలమ్మా జర ఇటు రా అన్నాను. ఆమె కొంగు సర్దుకుంటూ వచ్చింది. షెడ్డు వెనక పాత టైర్లు పేర్చిన చోటికి తీసుకుపోయాను. కూతురు వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను. నిలబడే చెప్పాను. కొక్కెం, శనివారం పొద్దున, సోమయ్య అన్న మాటలు, నేను అన్న మాట. ఎక్కువసేపు పట్టలేదు. తొమ్మిదేళ్లు మోసిన సంగతి చెప్పడానికి ఇంత కొంచెంసేపే పడుతుందని నేను అనుకోలేదు. చెప్పడం అయిపోయాక ఆమె టైర్ల వైపే చూస్తూ నిలబడింది.

“మా ఆయనకు ఎర్కేనా ఈ సంగతి?”

“లేదు. నేను జెప్పలే.”

“పిల్లను, నన్ను ఎక్కనియ్యలే నువ్వు. ఎండ అన్నవు.”

“అవును.”

“మమ్ముల ఆపినోనివి, ఆయనను గూడ దింపితె అయిపోవు గద అన్నా.”

ఆమె గొంతు పెంచలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. ఈ తొమ్మిదేళ్లలో ఆమె అడగబోయే ప్రశ్నలన్నిటికీ జవాబులు అనుకుని పెట్టుకున్నాను, ఏడుస్తాననీ, కాళ్ల మీద పడతాననీ కూడా అనుకున్నాను. ఇది ప్రశ్న కాదు కాబట్టి ఏ జవాబూ పనికిరాలేదు.

“మా అత్త నిన్ను తిట్టిందని అత్తను ఇడిసిపెట్టిన,” అంది. “మా అన్న చేతిల ఏం లేకుండె అని కొట్లాడిన. ముసల్ది సచ్చిపోయిన్నాడు గూడ మొకం జూడ పోలే.”

అది నిజం. కొడుకును పోగొట్టుకున్న ఆ ముసలామె మా గుమ్మం ముందు దుమ్ము చల్లి నన్ను శపించింది, ఐలమ్మ నాకు అడ్డంగా నిలబడి ఆమెను వెళ్లగొట్టింది. ఆ రోజు నేను లోపల తలుపు వెనక ఉన్నాను. ముసలామె చెప్పిందే సరైనదని ఒక్క మాట అంటే సరిపోయేది.

“ఇగ ఇంటికి రాకు అన్నా. పిల్లను రేపటి నుంచి నేనే దింపుకుంట.”

అంకితకు ఏం చెప్తావని అడిగాను. ఏదో ఒకటి చెప్తానంది. వెళ్లబోయి ఆగింది, అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూసింది. కళ్లు పొడిగా ఉన్నాయి, ఒక్కసారిగా మా అమ్మ వయసు వచ్చినట్టు ఉంది.

“నీ మీద కోపం ఎన్నడు పోతదో నాకు ఎర్క లేదు. పోతె నేనే వస్త. అందాక నువ్వు రాకు.”

ముందువైపు ఒక్కసారిగా ఏడుపులు లేచాయి. కూతురు వచ్చింది. ఐలమ్మ గబగబా అటు వెళ్లిపోయింది, నేను వెళ్లేసరికి ఆ పిల్లను ఒడిలోకి తీసుకుని వీపు నిమురుతోంది, అందరి ఏడుపుల మధ్యా ఆమె గొంతు ఒక్కటే వినిపించకుండా ఉంది. తర్వాత అంతా తొందరగా జరిగింది. డప్పులు మొదలయ్యాయి. ఎంకయ్య తాత పేర్లు పిలుస్తూ, పాడె వెనక పట్టడానికి నారాయణా నువ్వు రా అన్నాడు. నేను వంగి వెదురు కొమ్ము భుజానికి ఎత్తుకున్నాను. గల్లీ చివర ఆడవాళ్లు ఆగే చోట ఐలమ్మ ముందు వరుసలో ఉంది. నేను తల వంచుకుని దాటిపోతుంటే, పక్క నుంచి, ఎవరికీ వినిపించనంత మెల్లగా అంది.

“చెప్పులు ఇడువు అన్నా.”

కిందికి చూసుకున్నాను. పాడె పట్టినవాళ్లలో నా ఒక్కడి కాళ్లకే చెప్పులున్నాయి. నడుస్తూనే విదిలించుకున్నాను, ఒకటి ఇటు ఒకటి అటు పడింది. తారు కాలుతోంది. వెనక్కి తిరగలేదు, తిరగడానికి వీల్లేదు, ముందువాళ్ల అడుగుతో అడుగు కలపాలి.

అంతా అయ్యాక, కాళ్లు కడుక్కుని తిరిగొచ్చేసరికి గల్లీ ఖాళీగా ఉంది. నా చెప్పులు గోడవారగా, ఎండ తగలని చోట, జతగా పెట్టి ఉన్నాయి. ఐలమ్మ వెళ్లిపోయింది.